తెల్ల దుప్పట్ల రోజు

కామమ్మను చంపింది ఆస్పత్రే. జబ్బు కాదు, తలరాతా కాదు. డాక్టరు లేని శనివారం, ఆయాసంతో వచ్చిన మనిషిని వరండాలో కాసేపు కూర్చోబెట్టి సోమవారం రమ్మన్నారు. ఆదివారం ఆమె పోయింది. దీని మీద ఆమె మొగుడు పెంచలయ్య ఎవరితోనూ వాదించడు.

ఆ ఆస్పత్రిలో అతను అప్పుడూ నేల తుడిచాడు, ఇప్పుడూ తుడుస్తున్నాడు. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఆరు మంచాల ఆస్పత్రి అది. వంగి వంగి అతని నడుము అట్లాగే నిలిచిపోయింది. ఫినాయిలుకు వేళ్ల సందులు ఒరిసి తెల్లబడ్డాయి.

ఆ పొద్దున మూడుసార్లు తుడిచాడు. ఆస్పత్రికి మార్కులు వేయడానికి పైనుంచి అధికారులు వస్తున్నారు. రోగుల తరఫున ఎవరైనా చెప్పుకుంటే వింటారట. రెండేళ్లుగా అతను పెట్టిన అర్జీలన్నిట్లోనూ ఒకటే కోరిక: వారం పొడవునా డాక్టరు ఉండాలి.

నర్సు ఆదిశేషమ్మ బీరువాలోని తెల్ల దుప్పట్లు తీసి పరిపించింది. ఇన్‌స్పెక్షను వస్తే ఎప్పుడూ చేసే పనే.

"వాళ్లు పోయిందాకా ఎవర్నీ పండనీయబాక పెంచలయ్యా. మడత నలిగితే నాకు మాటొస్తాది."

పది గంటలకు మస్తాన్ వచ్చాడు. కామమ్మకు మేనమామ. వేట మానేసి, వలలు బాగుచేసుకుని బతికే ముసలాయన. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఏంది అల్లుడా, మంచాలకు పెండ్లా?"

"ఆఫీసర్లు వస్తా ఉండారు మామా. ఏమైంది నీకు?"

"రొమ్ము పట్టేసింది. కాసేపు నడుం వాలుస్తా."

"మంచం మీద వద్దులే. గోడ నీడన కూర్చో. వాళ్లు పోంగానే సిస్టరమ్మను పిలుస్తా."

"నీక్కూడా ఆఫీసరు జబ్బు తగులుకునిందిరా" అని నవ్వి, ముసలాయన గోడ పట్టుకుని బయటికి పోయాడు.

గ్యాసేలే అనుకున్నాడు పెంచలయ్య. మస్తానుకు నెలకోసారి అది మామూలే.

జీపులోంచి దిగిన ముగ్గురూ డాక్టర్లే. రిజిస్టర్లు చూశారు, మందుల గడువులు చూశారు, దుప్పటి అంచు ఎత్తి చూశారు. చివర్న పెద్దావిడ పెంచలయ్యకు కుర్చీ చూపించి, "చెప్పండి" అంది. అన్ని అర్జీలు పెట్టినా అతన్ని కూర్చోమన్న అధికారి ఆమె ఒక్కతే. శనివారం నుంచి ఆదివారం దాకా అంతా చెప్పాడు. ఆయాసపడే మనిషిని బయట ఎట్లా కూర్చోబెడతారని అడిగాడు. ఆమె ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. అరగంట పట్టింది.

బయటికొచ్చి "మామా" అని పిలిచాడు. మస్తాన్ గడ్డం రొమ్ముకు ఆనించి కూర్చుని ఉన్నాడు. పెదవి మీద ఈగలు.

ముగ్గురు డాక్టర్లూ పరుగున వచ్చారు. లోపలికి మోసి, తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి రొమ్ము నొక్కారు. చాలాసేపటికి పెద్దావిడ చేతులు తీసేసింది.

"ఈయన్ని బయట కూర్చోబెట్టింది ఎవరు?"

ఆదిశేషమ్మ తల దించుకుంది.

"నేనే" అన్నాడు పెంచలయ్య.

శవాన్ని ఆటోలో పంపాక పెద్దావిడ తను రాసుకున్న కాగితం తెచ్చింది. "సంతకం పెట్టండి. మీ భార్య సంగతి పైకి పంపుతాను. పంపితేనే ఇక్కడ ఏదన్నా మారుతుంది."

"కొట్టేయండమ్మా."

"ఎందుకు?"

"ఆ మాట ఇంక నా నోట రాదు."

బకెట్టు తీసుకుని గోడ దగ్గరికి పోయాడు. మస్తాన్ కూర్చున్న చోట, ఇసుకలో, వల అల్లే పుల్ల పడి ఉంది. నీలం దారం దాని చుట్టూ నిండుగా చుట్టి ఉంది.