మిస్ పొట్టలో మొలకలు

దమన్‌హూర్‌లోని ఆ బాలబడికి వచ్చింది ఒకే ఒక్క టాబ్లెట్. దాన్ని తన తరగతికి ఇప్పించుకోవడానికి మిస్ రిహాబ్ కాళ్లావేళ్లా పడింది. పర్యవేక్షకురాలు ఇన్షిరాహ్ ఇచ్చింది గానీ, కటువుగానే చెప్పింది.

"ఇంతకుముందు ఇచ్చిన బడిలో దీన్ని కార్టూన్ల పెట్టె చేశారు. ఆదివారం వచ్చి చూస్తాను. ఇక్కడా అదే తంతైతే పట్టుకుపోతా."

రిహాబ్‌కు పంతం వచ్చింది. పిల్లలచేత తలా గుప్పెడు ఫూల్ చిక్కుడు గింజలు తెప్పించి, కిటికీగట్టు మీద పెద్ద పళ్లెంలో తడిదూది పరిచి పోయించింది. ఎదురుగా టాబ్లెట్ నిలబెట్టి గంటకో ఫొటో తీసేలా పెట్టింది. అవన్నీ వరసగా ఆడిస్తే మొలక కళ్లముందే లేస్తుందని ఆమె ఆశ. పిల్లలకు మాత్రం అంత ఓపిక లేదు. రోజూ వచ్చి తొంగిచూడటం, "ఇంకా నిద్రపోతున్నాయి మిస్" అని తేల్చేసి ఆటకు పోవడం.

బుధవారానికి తెల్లటి మొనలు బయటపడ్డాయి. అదే రోజు రిహాబ్‌కు జ్వరం వచ్చి, గొంతు పూడుకుపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బడి ఆయా ఉమ్ సాబిర్ గిన్నె పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. నిమ్మకాయ, జీలకర్ర, వెల్లుల్లి వాసన గదంతా కమ్మేసింది. మొలకెత్తిన ఫూల్ చారు. జ్వరమొస్తే ఆ ఊళ్లో ఏ ఇంట్లోనైనా పొయ్యెక్కేది అదే. రిహాబ్ ఊదుకుంటూ సగం గిన్నె తాగేసింది.

"ఇంత బాగా ఎలా చేశావు పిన్నీ?"

"నాదేముంది తల్లీ, సగం పని నువ్వే చేసిపెట్టావుగా. జ్వరమొస్తుందని ముందే తెలిసినట్టు పళ్లెం నిండా మొలకలు కట్టుకున్నావు. దూది మీదెందుకా అనుకున్నాలే. బాగా కడిగేశా."

చెంచా గిన్నెలో పడింది. రిహాబ్‌కు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెంటికీ గొంతు లేదు. అంత ప్రేమగా ఎదురుగా నిలబడ్డ మనిషిని ఎవరు మాత్రం తిట్టగలరు?

శుక్ర, శనివారాల సెలవు గడిచి ఆదివారం బడి తెరవగానే ఇన్షిరాహ్ వచ్చి, వెనక బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చుంది. చూపించడానికి ఇంకేమీ లేక, రిహాబ్ ఆ ఫొటోలే ఆడించింది. గింజలు ఉబ్బాయి. తోలు చిట్లింది. తెల్లటి మొన తొంగిచూసింది. పిల్లలు ముందుకు జరిగారు. అంతలో తెర నిండా ఉమ్ సాబిర్ ముఖం. ఆ తరవాత ఖాళీ కిటికీగట్టు.

తరగతి గొల్లుమంది. టాబ్లెట్ చెయ్యిజారినట్టే అనుకుంది రిహాబ్.

"గింజలేవి మిస్?" అని హనీన్ అడిగింది.

"ఆయా చారు కాచి తెస్తే నేను తినేశాను," అంది రిహాబ్ బొంగురుగా. అబద్ధమాడే ఓపిక కూడా లేదామెకు.

హనీన్ చూపు మిస్ పొట్ట మీదికి దిగింది. "అయితే లోపల మొలుస్తున్నాయా?"

"మొలుస్తాయి. పొట్టలో నీళ్లుంటాయిగా," అన్నాడు పక్కనున్న బదర్.

"చీకటి కదా, చచ్చిపోతాయి," అంది హనీన్.

"మట్టిలో కూడా చీకటేగా."

"ఆయా ఉడకబెట్టేసింది కదరా మొద్దూ. ఉడికినవి మొలవవు."

"నువ్వు చూశావా?"

జవాబు రిహాబ్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది. "మరి ఎలా తెలుసుకుందాం?" అని మాత్రం అడిగింది.

హనీన్ బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించింది. "పచ్చివి ఓ పళ్లెంలో పెడదాం, ఉడికినవి ఇంకోదాంట్లో. రాత్రి మనం ఉండం కదా, అది చూసిపెడుతుంది," అని టాబ్లెట్ వైపు చూపించింది.

ఇన్షిరాహ్ లేచి ముందుకొచ్చింది. రిహాబ్ టాబ్లెట్ తీసి ఆవిడ చేతికివ్వబోయింది.

"ఉంచు," అంది ఇన్షిరాహ్. "నీ సినిమా చివరిదాకా ఆడి ఉంటే వీళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు, నేను సంతకం పెట్టి పోయేదాన్ని. ఇప్పుడు చూడు, వచ్చే ఆదివారం దాకా నాకూ నిద్రపట్టదు."

రిహాబ్‌కు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గొంతు సంగతి మరిచిపోయి వరండాలోకి కేకేసింది.

"పిన్నీ, గుప్పెడు గింజలు ఉడకబెట్టు. ఉప్పు మాత్రం వెయ్యకు."