పాత బజారుకి పెళ్ళిచూపులు

మున్నేరు పొంగి హైవే మీద లారీలు నిలిచిపోయిన వరదేడు కాదు, దాని మరుసటేడు. జగ్గయ్యపేట పాత బజారులో నాది తాళ్ళ కొట్టు. మోకులు, చేంతాళ్ళు, పలుపులు అమ్ముతా. తాడు కొనేవాడికి మాటలతో పనేముంది, అందుకని నాకు మాటలు అలవాటు కాలా.

నా ఎదురుగా బసవమ్మ టిఫిన్ హోటలు. ఆ వరదకి బజారు నడుమ కుంగింది. అప్పట్నించీ చిన్న జల్లు పడ్డా ఆమె గుమ్మం ముందు నీళ్ళు నిలిచిపోతాయి. ఒక్కొక్కళ్ళే హైవే పక్కకి కొట్లు మార్చుకుని పోయారు. ఇక్కడ షట్టర్లు దిగిపోయి తుప్పు పట్టాయి.

"ఈసారీ ఇట్టాగే ఉంటే నేనూ ఖమ్మం మా అమ్మాయి దగ్గరికి పోతాను అన్నాయ్," అంది బసవమ్మ.

ఊఁ అన్నా. ఆమె పోతే ఆ బజారులో నేనెవరి మొహం చూడను? అది నోటితో అనలేదు.

అప్పుడు భవానీప్రసాద్ వచ్చాడు కబురు పట్టుకుని. బట్టల కొట్టతను, ఇప్పుడు కొట్టు మూసి పత్తి వేస్తున్నాడు. పాత బజార్లు బాగుచేయటానికి గవర్నమెంటు డబ్బిస్తోందట. రోడ్డు ఎత్తు చేస్తారు, కాలవ తీస్తారు. అయితే మనకో, నందిగామ పాత బజారుకో, ఒక్కచోటికే. ఎవరికివ్వాలో చూసి రాయటానికి ఆఫీసరమ్మ వస్తోందట.

"పెళ్ళిచూపులనుకోండి," అన్నాడు. "పిల్ల కళగా ఉంటేనే సంబంధం ఖాయం."

అందరికీ సబబుగానే తోచింది. నాకూ తోచింది.

ఇక చూడండి. షట్టర్లకి ఇంజనాయిలు పోసి, సమ్మెటతో బాది పైకి లేపారు. ఊడ్చారు, ముగ్గులేశారు. భవానీప్రసాద్ హైవే పక్కనున్న వాళ్ళ బావ కొట్టు నించి బట్టలు తెచ్చి బీరువాల్లో సర్దాడు. బసవమ్మ గుమ్మం ముందు గుంటలో ట్రాక్టరు ఇసక పోసి చదును చేశారు.

"బాబాయ్, నువ్వు మాత్రం ఏం మాట్లాడమాక," అన్నాడు భవానీప్రసాద్ నాతో.

"ఎప్పుడు మాట్లాడాడని?" అంది బసవమ్మ.

ఆఫీసరమ్మ పేరు కృష్ణప్రియ. చిన్నపిల్ల. టాబ్ పట్టుకుని కొట్టు కొట్టుకీ ఆగింది.

"అన్నీ తెరిచే ఉన్నాయే. వ్యాపారం ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండమండి," అన్నాడు భవానీప్రసాద్.

"వానొస్తే నీళ్ళేమైనా నిలుస్తాయా అమ్మా?"

"మాకేం లోటు లేదు తల్లీ, కాఫీ తాగు," అంది బసవమ్మ. ఇంటికొచ్చిన ఆడపిల్ల దగ్గర మన బురద గురించి ఎవరు చెప్పుకుంటారు.

ఆ అమ్మాయి కాఫీ తాగి టాబ్ మూసింది. "సంతోషమండి. అయితే ఈ డబ్బు నందిగామకే వెళ్ళొచ్చు. మూతబడ్డ కొట్లు, నీళ్ళు నిలిచే చోట్లు ఎక్కువుంటేనే ఎక్కువ మార్కులు. బాగున్న బజారుని బాగుచేయటమెందుకు?"

జబ్బు చూపించుకోటానికి ఆస్పత్రికి పౌడరు రాసుకుని వెళ్ళామని అప్పుడర్థమైంది. భవానీప్రసాద్ తను సర్దిన బీరువాలకేసి చూశాడు. ఇంత చేసి ఇప్పుడు అబద్ధమని ఎట్టా చెప్తాడు? బసవమ్మ కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"అమ్మాయ్," అన్నా. అందరూ నా వైపు తిరిగారు. "బట్టల కొట్లో ఆ పచ్చ తువ్వాలు ధరెంతో అతన్ని అడుగు."

అడిగింది. భవానీప్రసాద్ తువ్వాలు తెచ్చి తిప్పి చూశాడు, ధర చీటీ లేదు. "నూటిరవై... కాదండి, ఎనభై... మా బావని ఫోన్ చేసి అడగాలండి."

"కొట్టు మీది, ధర మీ బావగారిదా?" అంది ఆ అమ్మాయి.

ముందు నవ్వింది బసవమ్మ. తర్వాత ఆ పిల్ల. తర్వాత భవానీప్రసాదే తల గోక్కుంటూ నవ్వాడు. ఇక ఒకళ్ళ మాట ఒకళ్ళు అందుకుని అంతా కక్కేశారు, ఇసకతో సహా.

"మీరు చెప్పింది నేను రాయకూడదండి. చూసి, ఫోటో తీసి రాయాలి," అంది ఆ అమ్మాయి. "రేపు పొద్దున నందిగామ వెళ్తూ మళ్ళీ వస్తా. కొత్తగా ఏం చేయొద్దు. రోజూ ఎట్లా ఉంటుందో అట్లా ఉంచండి చాలు."

కారు ఎక్కబోతూ నా దగ్గరాగింది. "తాతగారూ, ముందే చెప్పొచ్చుగా?"

"అడగలేదుగా," అన్నా.

మర్నాడు తెల్లవారుజామునే సమ్మెట, ఇంజనాయిలు డబ్బా తీసుకుని వెళ్ళా. లేపటం కంటే దించటమే కష్టమైంది. భవానీప్రసాద్ షట్టరుకి కోతిలా వేలాడితే, నేను మోకు వేసి కిందకి లాగా. కొత్త మోకు, నా కొట్లోదే. తర్వాత పార పట్టి బసవమ్మ గుమ్మం ముందు ఇసకంతా ఎత్తేశా. రాత్రి పడ్డ జల్లుకి అడుగున నీళ్ళు ఊరి, చూస్తుండగానే గుంట నిండింది.

ఆ నీళ్ళలో నా స్టూలు వేసుకుని, ఎప్పట్లాగే ఇటిక మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నా. బసవమ్మ టీ గ్లాసు చేతికిచ్చింది. ఆఫీసరమ్మ కారు మలుపు తిరిగి బజార్లోకొచ్చింది. నేను లేవలా, టీ తాగుతున్నా.