శ్రావణ శుక్రవారం అమ్మిన బంగారం

శుక్రవారం నాడు ఇంట్లోంచి ఉప్పు ఇవ్వకూడదు. పాలు ఇవ్వకూడదు. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి అడిగినా చేబదులు అసలే ఇవ్వకూడదు. అందులోనూ శ్రావణ శుక్రవారం, అందులోనూ వరలక్ష్మీ వ్రతం. అలాంటి రోజు పొద్దున్నే తలంటుకుని, ఇరవై నాలుగు లక్ష్మీ కాసులు జేబురుమాల్లో మూటగట్టుకుని, వాటిని అమ్మడానికి పరమేశ్వరి ఏలూరు బస్సెక్కింది. ఒళ్ళు తెలియక ఎక్కిందనుకునేరు, అన్నీ తెలిసే ఎక్కింది.

పరమేశ్వరిది భీమడోలు. స్టేషన్ రోడ్డులో టిఫిన్ బండి. మొగుడు ఏడుకొండలు కలిదిండి చెరువుల దగ్గర చేపలు ఎత్తుకుని హౌరా దాకా లారీ తోలతాడు. మంచివాడే, కానీ నెలలో ఇంట్లో ఉండే రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పదకొండేళ్ళుగా ఆ బండి ఎవరో ఒకరి కొట్టు ముందు నిలబడుతోంది. కొట్టు తీసేవాడొచ్చి "బండి కాస్త జరపమ్మా" అంటాడు. లారీ తిప్పేవాడూ అదే అంటాడు. వాన పడితే చూరు కిందికి వెళ్తుంది, చూరుగలావిడా అదే అంటుంది. జరిపీ జరిపీ చక్రాలు అరిగాయి గానీ ఆ మాట మాత్రం అరగలేదు.

అందుకే స్టేషన్‌కి ఎదురుగా ఉన్న గది ఖాళీ అయిందని తెలిసినప్పుడు ఆమెకి రెండు పూటలు అన్నం సయించలేదు. అది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే వీరరాఘవమ్మగారిది. పది అడుగుల గదీ, ముందు రేకుల వసారా, లోపల పంపు. గురువారం సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి ఉన్నమాట చెప్పేసింది. రేపు దీపాలు పెట్టే వేళకి లక్ష రూపాయల అడ్వాన్సు తన చేతిలో పడితే గది పరమేశ్వరిది. పడకపోతే సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాడెవరో డబ్బు పట్టుకుని కూర్చున్నాడు, వాడిది.

పరమేశ్వరి దగ్గర లక్ష లేదు. బంగారం ఉంది.

ఆ బంగారం కథ చెప్పాలి. అందరూ చీటీలు కడితే ఆమె కట్టలేదు. చీటీ పాడినవాళ్ళు పారిపోవడం రెండుసార్లు కళ్ళారా చూసింది. ఎనిమిదేళ్ళ కిందట మొదలుపెట్టి, బండి మీద మిగిలిన పదీ పరకా కూడి అర గ్రాము ధరకి రాగానే ఏలూరు వెళ్ళి అర గ్రాము కాసు కొనుక్కునేది. గ్రాము దాకా ఆగేది కాదు. ఆగితే ఈలోగా జ్వరమో, గ్యాస్ బండో, ఎవరి పెళ్ళి కానుకో వచ్చి ఆ డబ్బు తినేసేది. కొట్లో కుర్రాళ్ళు పెద్ద బేరాలన్నీ అయ్యాక ఆమె వంక చూసేవారు. చూసినప్పుడే చూడమని కూర్చునేది. ఆమె బావగారు మల్లేశ్వరరావు ధాన్యం బ్రోకరు, మాట కాస్త పెద్దది. బంగారమంటే మెళ్ళో కనపడాలనీ, డబ్బాలో బటానీ గింజల్లా దాచేది బంగారమెలా అవుతుందనీ పదిమందిలో అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు వెనక ఎంత ఒళ్ళు మండేదో ఆమెకే తెలుసు.

అంతా బాగానే చేసింది గానీ ఒక్కచోట దెబ్బతింది. ఏటా వ్రతం మల్లేశ్వరరావుగారింట్లోనే. తోడికోడలు మణెమ్మ కలశం పెడుతుంది, పరమేశ్వరి తన కాసులు తెచ్చి అమ్మవారి ముందు పెడుతుంది. మొదటి ఏడాది కాసు గట్టి ప్లాస్టిక్ కవర్లో సీలుతో ఉంటే మణెమ్మ ముక్కు మీద వేలేసుకుంది. సంచీలో ఉన్న అమ్మవారికి పాలాభిషేకం ఎలా చేస్తారనీ, పసుపు ఎక్కడ పెడతారనీ అడిగింది. నిజమే కదా అనిపించి పరమేశ్వరి కత్తెర తెచ్చి కవరు కోసేసింది. ఆ తర్వాత ఏ ఏడాది కొన్నవి ఆ ఏడాదే కోసి, పాలతో కడిగి, పసుపూ కుంకుమా పెట్టింది. మన వైపు ఎన్ని వందల ఇళ్ళలో ఇలా కోసి ఉంటారో.

ఏలూరు కొట్టు తీసేసరికే జనం. మేనేజరు ఫణికిరణ్ మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మూట విప్పి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. సీలు లేని కాసుకి డబ్బు ఇవ్వరట. నగ కొనుక్కుంటే మాత్రం వందకి నాలుగు తగ్గించి మార్చుకుంటారట. ఆ నగకి మజూరీ వేరే, తరుగు వేరే. అవన్నీ పోగా ఆమె చేతికి ఓ సన్నటి గొలుసు వస్తుంది, రూపాయి రాదు.

"దీని మీద మీ కొట్టు ముద్రే ఉంది కదండీ," అంది పరమేశ్వరి.

"ఉందండీ. కానీ సీలు లేదు కదండీ."

"సీలు కోస్తే బంగారం కారిపోతుందాండీ?"

పక్కన గాజులు చూసుకుంటున్న పెద్దావిడ ఒకరు అందుకుంది. లక్ష్మిని ఇవాళ అమ్ముకోవడమేమిటమ్మా, బుద్ధిగా గొలుసు తీసుకో, మెడ బోసిగా ఉంది అంది. పరమేశ్వరి ఆవిడ వైపు తిరిగి, తన మెడ తనకి బాగానే ఉందనీ, బోసిగా ఉన్నది వెనక గోడ లేని తన వీపనీ చెప్పింది. అర్థమైందో లేదో, ఆవిడ మళ్ళీ గాజుల్లో పడింది. పరమేశ్వరి మాత్రం లేవలేదు. కాసుని మిషన్లో పెట్టి చూపించమంది. జనం చూస్తున్నారని ఫణికిరణ్ పెట్టాడు. అంకెలున్న తెర తన వైపే తిప్పుకుంటే, ఇటు తిప్పమంది. తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది. దాన్ని ఆమె బండి దగ్గర ఇడ్లీ లెక్క చెప్పినంత గట్టిగా చదివింది.

"అమ్మేటప్పుడు మేలిమి అన్నారు. ఇప్పుడూ మేలిమే అని మీ మిషనే చెబుతోంది. మీ సరుకు మీరే కొననప్పుడు ఆ మాట బయట బోర్డు మీద రాయండి బాబూ. నాలాంటివాళ్ళు కత్తెర పట్టుకోకుండా ఉంటారు."

మూట కట్టుకుని లేచింది. వెనక అర గ్రాము కాసు కొంటున్న పిల్ల ఒకతె, ఇది మళ్ళీ మీరే తీసుకుంటారా అని కౌంటర్లో అడగడం ఆమె చెవిన పడింది. ప్రాణం కాస్త కుదుటపడింది గానీ డబ్బు మాత్రం చేతికి రాలేదు.

ఇంకో రెండు కొట్లు తిరిగింది. ఒకడు తమ ముద్ర లేదన్నాడు, ఇంకొకడు బిల్లులు అడిగాడు. చివరికి పాత బజారు సందులో, బంగారం పరీక్ష చేసి కరిగించే దాదాపీర్ గది దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆయన టోపీ పెట్టుకుని షట్టరు సగం దించాడు. శుక్రవారం కదా, నమాజుకి బయల్దేరుతున్నాడు. కాసులు చూశాడు, వాటి మీద పసుపు చూశాడు.

"పూజలో పెట్టినవి కదమ్మా ఇవి. నలభై ఏళ్ళ నుంచి ఈ సందులో ఉన్నాను, ఈ రోజు మీవాళ్ళు ఎవరూ అమ్మరు. నేను కొనాలంటే కరిగించాలి, అమ్మవారి బొమ్మ పోతుంది. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు రండి."

"ఆలోచించుకునే వచ్చానండీ. రేపటికి గది ఉండదు."

ఆయన షట్టరు పూర్తిగా దించాడు. రెండింటికి వస్తాను, నీడలో కూర్చోమని చెప్పి వెళ్ళాడు. పరమేశ్వరి ఆ మెట్టు మీదే కూర్చుంది. వ్రతం కదా, కడుపులో కాఫీ చుక్క కూడా లేదు. కళ్ళు తిరుగుతున్నాయి. మణెమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి ఎత్తి, కాసులు అమ్ముతున్నానని చెప్పేసింది. మణెమ్మ ఫోన్ మొగుడికిచ్చేసింది. తర్వాత మల్లేశ్వరరావుగారి గొంతు వచ్చింది. ఇంటి లక్ష్మిని వెళ్ళగొడుతున్నావనీ, ఆ ఉసురు తమ్ముడి లారీకి తగులుతుందనీ అన్నాడు. లారీ మాట ఎత్తడం అన్యాయం. మొగుడు లారీ ఎక్కిన దగ్గర్నుంచి ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని బతికే మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాడు. ఫోన్ పెట్టేసి, ఏడుకొండలుకి చేసింది. అతను ఒరిస్సాలో ఎక్కడో డాబా దగ్గర ఉన్నాడు. అంతా విని, లారీ బ్రేకులు తాను చూసుకుంటాననీ, గది సంగతి నువ్వు చూసుకోమనీ చెప్పాడు.

రెండుంపావుకి దాదాపీర్ మూసలో కాసులు వేసి మంట పెట్టాడు. బలవంతం ఎవరూ చెయ్యకపోయినా ఆమె దగ్గరే నిలబడి చూసింది. ఒక కాసు అట్లతద్దికి కొన్నది. ఒకటి మైసూరు బజ్జీ మొదలుపెట్టిన నెలలో కొన్నది. కరోనా పోయాక బండి మళ్ళీ తీసిన ఏడాది రెండే కొనగలిగింది. తామరపువ్వులో కూర్చున్న అమ్మవారు అంచుల దగ్గర మెత్తబడి, చేతులు పోయి, మొహం పోయి, చివరికి ఎర్రటి ముద్దయింది. పరమేశ్వరి ఏడ్చింది. ఎందుకు ఏడవకూడదు? ధైర్యం ఉన్నవాళ్ళకి కళ్ళలో నీళ్ళు ఉండకూడదని ఎవరన్నారు? ఏడుస్తూనే తూకం ముల్లు చూసుకుంది. పన్నెండు గ్రాములకి పిసరు తక్కువ. దాదాపీర్ కరిగించిన కూలి పట్టుకుని, ఆ రోజు ధర ప్రకారం లక్షా పదిహేడు వేలు ఆమె చేతిలో పెట్టాడు.

తాడేపల్లిగూడెం పాసింజరు భీమడోల్లో ఆగినప్పుడు కిటికీలోంచి గది కనపడింది. తాళం వేసి ఉంది. దిగలేదు, ఇంకా దిగే హక్కు రాలేదు. గూడెంలో ఉల్లిపాయల బస్తాల మధ్యనుంచి వీరరాఘవమ్మగారింటికి నడిచి వెళ్ళేసరికి ఆవిడ దేవుడి గదిలో ఒత్తులు వేసుకుంటోంది. డబ్బు అందుకుంది. లెక్కపెట్టకుండానే కళ్ళకద్దుకుని దేవుడి పటం ముందు పెట్టింది. అగ్రిమెంటు కాగితం ముందే రాయించి ఉంచింది, పరమేశ్వరి పేరు మీదే.

"వ్రతం పూట లక్ష్మి తనంతట తాను నడిచి మా ఇంటికొచ్చిందమ్మా," అంది ఆవిడ, ఎంతో తృప్తిగా. "అందుకే శుక్రవారమే ఇమ్మన్నాను."

పరమేశ్వరికి నవ్వొచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది. ఉన్న ఇంటికి లక్ష్మి వస్తే శుభం. లేని ఇంట్లోంచి బయల్దేరితే అరిష్టం. ఒక ఇంట్లోంచి కదలకుండా ఇంకో ఇంటికి ఎలా వస్తుందో, ఏ పంతులుగారైనా చెప్పగలరా? పొద్దుటినుంచి తన గుండెల మీద కూర్చున్న భయం ఆ క్షణాన లేచి వెళ్ళిపోయింది. తాళంచెవి అడిగి తీసుకుంది.

భీమడోల్లో రైలు దిగి, తన ఇంటికి కాకుండా నేరుగా బావగారింటికే వెళ్ళింది. తోరాలు కట్టుకోవడం అయిపోయింది, పేరంటాళ్ళు ఇంకా ఉన్నారు. కలశం ముందు ఏటా ఆమె కాసులు పెట్టే ఇత్తడి పళ్ళెం ఖాళీగా ఉంది. మణెమ్మ కావాలనే దాన్ని అక్కడ ఉంచింది. అందరూ ఆ పళ్ళేన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశారు. అరుగు మీద వాలుకుర్చీలో ఉన్న మల్లేశ్వరరావు లోపలికి వినపడేలా గొంతు పెంచాడు.

"చూడండమ్మా అందరూ. పండగ పూట లక్ష్మిని ఇంట్లోంచి పంపేసి వచ్చింది మా మరదలు."

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో పరమేశ్వరి బావగారి ఎదుట తలెత్తి మాట్లాడింది లేదు. ఇప్పుడు గడప దాటి వచ్చి, ఆయనకి ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు, మన్ననా తగ్గించలేదు.

"పంపెయ్యలేదు బావగారూ. ఇన్నాళ్ళూ డబ్బాలో కూర్చోబెట్టి, ఏడాదికోసారి పాలు పోశాను. రేపు తెల్లారి నాలుగింటికి లేచి నాతోపాటు పిండి రుబ్బుతుంది. ఏడింటికల్లా ఇడ్లీ వేడిగా ఉంటుంది, మీరూ అక్కా రండి."

పేరంటాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. మల్లేశ్వరరావు కుర్చీలో ఇటు కదిలి అటు కదిలాడు. మణెమ్మ ఖాళీ పళ్ళెం తీసి పక్కన పెట్టి, లోపలికెళ్ళి తోరం తెచ్చి తోడికోడలి చేతికి కట్టింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు కదా, రెండు గారెలు తిని వెళ్ళమంది. పరమేశ్వరి నాలుగు తిన్నది.