అద్దెకు తెచ్చిన బంగారం

ఆదివారం పండగనాడు ఆన్‌లైన్‌లో పెట్టిన ఆ ఫొటో తీసేయాలని సబీనా సోమవారం నుంచి అనుకుంటూనే ఉంది. తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఉంచితే రోజూ ఆ తప్పే కొత్తగా చేస్తున్నట్టవుతుంది. కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరో కుట్టడానికిచ్చిన లంగాకు ఒక మడత కుట్టడం, ఫోన్ తీసి చూడడం, మళ్లీ ఒక మడత. గురువారం పొద్దుటికి నూట పన్నెండు మంది గుండె గుర్తు పెట్టారు. తనతో కలిసి బ్యాంకు అప్పు తీసుకున్న గుంపులోని పదకొండు మంది ఆడవాళ్లలో ఒక్కరూ పెట్టలేదు. చూశారని మాత్రం ఆమెకు తెలుసు. ఆదివారం దాకా వాట్సాప్‌లో గలగలలాడిన గుంపు అప్పటినుంచీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఫొటోలో ఉన్నది తనే. నాట్యానికి కట్టిన ముదురెరుపు కుచ్చుల లంగా, వెండి జరీ శాలువా, గుండ్రటి టోపీ, చెవులకు ముత్యాల లోలాకులు, శాలువాకు గుచ్చిన అరచేయంత బంగారు పిన్ను. వెనక గోడలా పేర్చిన బీరు పెట్టెలు. కింద తను రాసిన మాట: "కార్మెన్ తల్లి దయవల్ల నాకు ఏ లోటూ లేదు."

బొలీవియాలోని ఎల్ ఆల్తోలో కార్మెన్ మేరీమాత పండగనాడు ఆ మాట అనని మనిషి ఉండదు. తల్లి ఊరేగుతుండగా లోటుందన్న మాట నోట వస్తే ఏడాదంతా లోటుతోనే గడుస్తుందని సబీనాకు వాళ్లమ్మ నేర్పింది. అమ్మ ఆ మాటను విగ్రహం వైపు తిరిగి, పెదవులు కదిలీ కదలకుండా అనేది. సబీనా ఫోన్‌లో రాసింది. రెంటికీ తేడా ఉందని ఆ క్షణాన ఆమెకు తోచలేదు.

లంగా, శాలువా, నగలు అన్నీ అద్దెవి. నగల కొట్టువాడు గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుని ఒక్క రోజుకు ఇచ్చాడు. నాలుగేళ్ల కిందట సబీనా కూతురి పెళ్లికి అదే వీధిలోని అవ్రేలియా కానుకగా బీరు పెట్టెలు మోయించుకొచ్చి రెండు రోజులు నాట్యమాడింది. ఈ ఏడు పండగ ఖర్చు మోసే పండగ పెద్ద అవ్రేలియాయే. సబీనా వెళ్లి ఆడకపోతే, అన్ని పెట్టెలూ తిరిగి పెట్టకపోతే, ఆ వీధిలో ఇక తలెత్తుకునేది లేదు. లంగాలు కుట్టించుకునేవాళ్లు ఇచ్చిన అడ్వాన్సు అలా బీరైపోయింది. ఈసారి అప్పు వాయిదాకు నాలుగు వందల ఇరవై బొలీవియానోలు కావాలి. ఆమె దగ్గర అరవై ఉన్నాయి.

ఆ పొద్దున పది గంటలకు, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే బసీలియా పెరట్లో వాయిదా కట్టడానికి గుంపు కూడాలి. సబీనా వెళ్లలేదు. రానివాళ్ల ఇంటికి గుంపంతా నడిచి వెళ్లాలన్నది వాళ్లే పెట్టుకున్న నియమం. ఎందుకంటే ఒకరు కట్టకపోతే బ్యాంకు మిగతావాళ్ల దగ్గర వసూలు చేస్తుంది. సబీనా కూడా ఇదివరకు అలా రెండు గుమ్మాల ముందు నిలబడింది. ఒక ఇంట్లోంచి టీవీ మోసుకొచ్చినప్పుడు దాని వైరు కాళ్లకు తగలకుండా పట్టుకున్నది తనే. ఆ ఇల్లాలు ఏడుస్తుంటే, నిజంగా ఏడుస్తోందా, నటిస్తోందా అని పరీక్షగా చూసిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

పదకొండు కాకముందే తలుపు చప్పుడైంది.

"బాగున్నావా సబీనా? కాళ్ల నొప్పులు తగ్గాయా?" అంది ముందు నిలబడిన ఫెలిపా. బజార్లో ఉల్లిపాయలు అమ్ముతుంది. నోరు కూడా ఆ ఘాటుదే.

"లోపలికి రండి."

"వద్దులే తల్లీ. మా చెప్పులకు బురదుంది. మహారాణి గడప మాసిపోతుంది."

వెనక ఎవరో నవ్వారు. దోన్యా బసీలియా నవ్వలేదు. గుంపుకు ఆవిడే పెద్ద, అప్పు పుస్తకం ఆవిడ చంకలోనే ఉంది.

"మీ ఆయన పరంజా మీంచి పడ్డాడని విన్నాం. నువ్వు అడక్కముందే నీ వాయిదాకు తలా ముప్పై ఎనిమిది వేశాం. ఒకసారి కాదు, రెండుసార్లు. అవునా?"

"అవును దోన్యా బసీలియా."

"మా మనవరాలు ఫోన్ పట్టుకొచ్చి, అమ్మమ్మా, మనం డబ్బులు కట్టేది ఈవిడకేనా అనడిగింది. నన్నేం చెప్పమంటావు?"

"అవ్రేలియా నా కూతురి పెళ్లికి..."

"ఆ కథ మాకు చెప్పకు," అంది ఫెలిపా. "ఆడని వాళ్లెవరిక్కడ? నిరుడు మా ఆయన ఆసుపత్రిలో ఉంటే నేనూ వెళ్లి ఆడాను. తప్పదు గనక ఆడాను. ఊరందరికీ ఫొటో పెట్టి చూపించలేదు. ఏ లోటూ లేదట. లోటు లేనిదానివి మా ముప్పై ఎనిమిది ఎందుకు తీసుకున్నావు?"

 అది తల్లికి చెప్పిన మాట, మీకు కాదు అనాలనుకుంది సబీనా. కానీ అది నిజమేనా అని ఆమె మనసే అడిగింది. ఫొటో పెట్టాక ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు ఫోన్ తెరిచింది? తల్లి కోసమా తెరిచింది?

రొట్టెలమ్మే నియెవెస్ మెల్లగా ముందుకొచ్చింది. గుంపులో చిన్నది, సబీనా అంటే ఇష్టం ఉన్నది.

"అక్కా, ఆ నగలు అద్దెవే కదా? అద్దెవని ఒక్క మాట చెప్పు. ఈసారికి నీ వంతులో సగం నేనేసుకుంటాను. మిగతాది వీళ్లు సర్దుతారు. వచ్చేప్పుడు మాట్లాడుకునే వచ్చాం."

"చెబితే చాలదు," అంది బసీలియా. "ఆ ఫొటో కిందే రాయాలి. మా మొగుళ్లు చూశారు, పిల్లలు చూశారు. మేం పిచ్చివాళ్లం కాదని వాళ్లకు తెలియాలి. రాస్తే వెళ్లిపోతాం. లేదంటే మిషన్ తీసుకెళ్తాం. నీకు తెలుసుగా పద్ధతి."

సబీనా ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఒక్క మాట. అది రాస్తే మిషన్ ఉంటుంది, మిషన్ ఉంటే శనివారానికి లంగా పూర్తవుతుంది, కూలి వస్తుంది. ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదు. ఆమె వేలు ఫొటో మీదికి వెళ్లింది. కింద బ్యూనోస్ ఎయిరిస్ నుంచి చెల్లెలు రాసిన మాట కనిపించింది: "అక్కా, అమ్మ ఉండి నిన్నిలా చూస్తే ఏడ్చేసేది." పక్కవీధి టైలరు రాశాడు. తనను ఎప్పుడూ పలకరించని బడి పంతులమ్మ రాసింది. ఎర్ర లంగాలో ఉన్న ఆ స్త్రీ నిటారుగా నిలబడి ఉంది. ఆమెకు మంచాన పడ్డ మొగుడు లేడు, చేతిలో అరవై బొలీవియానోలే మిగిలిన బాధ లేదు. నాలుగు రోజులుగా సబీనా చూస్తున్నది ఆమెనే. ఇప్పుడు ఆమె ఒంటిమీది లోలాకులు తీసేయమంటున్నారు, చెల్లెలి కళ్లముందే.

"అద్దెవేనా?" అంది బసీలియా.

"నావే," అంది సబీనా.

ఆ మాట తన గొంతులోంచే వచ్చింది. నియెవెస్ ముఖం తిప్పుకుంది. 

"నీవైతే అమ్ముకో," అంది బసీలియా. గొంతులో కోపం లేదు. "అమ్మి మూడు వాయిదాలూ తెచ్చి కట్టి, మిషన్ తీసుకుపో. ఇక నీకోసం మేం వెయ్యం."

లోపలి గదిలో మంచం మీంచి మొగుడు ఫ్లోరెన్సియో పిలిచాడు. "సబీనా, నావే అంటావేమిటి? ఏం బంగారం? అద్దెవని చెప్పవేం వాళ్లకి?"

ఆ మాట అందరూ విన్నారు. సబీనా వెళ్లి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిజం ఇప్పుడు వాళ్లందరికీ తెలుసు. కానీ అది ఆమె నోటివెంట రాలేదు, ఫోన్‌లో పడలేదు. బసీలియా మరొక్క నిమిషం ఆగింది. సబీనా ఫోన్‌ను జేబులో పెట్టుకుంది.

"పట్టండి," అంది బసీలియా.

ఫెలిపా, ఇంకొకామె చెరోవైపు వంగారు. సబీనా సూది కింద ఉన్న బట్టను జాగ్రత్తగా విడదీసి, దారం పళ్లతో కొరికింది. "పైభాగం పట్టుకోకండి, ఊడి వస్తుంది. కిందనుంచి ఎత్తండి," అంది. వాళ్లు అలాగే ఎత్తారు. నియెవెస్ అందరికంటే ముందే వీధి మలుపు తిరిగిపోయింది.

మిషన్ ఉన్నచోట నేల మీద నాలుగు తెల్లటి మచ్చలు మిగిలాయి. సబీనా లంగా ఒళ్లో పరుచుకుని సూదిలో దారం ఎక్కించింది. ఎనిమిది గజాల అంచు, ఎల్లుండికి ఇవ్వాలి. లోపల ఫ్లోరెన్సియో మళ్లీ పిలిచాడు, తర్వాత మానేశాడు. ఆమె చేత్తో మొదటి కుట్టు వేసింది. అది వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ వేసింది.