ఉప్పు తీసిన ప్రెట్జెళ్లు

మా తమ్ముడు నన్ను ఒక మాట అడిగాడు. రేపు పొద్దున డయాలిసిస్ సెంటర్ వ్యాను వచ్చేలోపు నేను దానికి జవాబు చెప్పాలి. ఆదివారం నేను బట్టలు ఆరేస్తుంటే వెనక నుంచి వచ్చి, "ఇక మిషను చాలక్కా. మానేద్దామనుకుంటున్నాను. నువ్వు సరే అంటేనే," అన్నాడు. నేను వినపడనట్టు తడి దుప్పటి దులిపాను. అప్పటి నుంచి ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప నా నోటి నుంచి తిన్నగా ఒక మాట వచ్చింది లేదు.

మిషను మానేస్తే ఏమవుతుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. రెండు కిడ్నీలూ పోయిన మనిషి. రోజు విడిచి రోజు సెంటరుకు వెళ్లి కుర్చీలో పడుకుంటే, మిషను ఒంట్లో రక్తమంతా తీసి, కడిగి, మళ్లీ ఒంట్లోకి పంపుతుంది. అది లేకపోతే ఎన్నాళ్లో ఉండడు. నా కిడ్నీ ఇస్తానంటే సరిపోలేదన్నారు. "నీదేది ఎవరికి సరిపడింది గనక," అని వాడు అప్పట్లో నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అలాంటివాడు ఇవాళ మధ్యాహ్నం ప్రెట్జెల్ ప్యాకెట్లు, చాక్లెట్ పలకలు తెప్పించి వంటగది బల్ల మీద పరిచాడు. ప్రెట్జెల్ అంటే పిండిని తాడులా పేని, ముడేసి కాల్చిన బిస్కెట్టు. కరకరలాడుతుంది. పైన రాళ్లుప్పు అద్ది ఉంటుంది. కరిగిన చాక్లెట్‌లో ముంచి ఆరబెడితే తీపీ ఉప్పూ కలిసి, ఒకటి తిన్నవాళ్లు ఒకటితో ఆగరు. వాడు మొదటిసారి మిషను ఎక్కిన తారీఖు తిరిగి వచ్చినప్పుడల్లా సెంటర్లో అందరికీ నేను ఇవి చేసి పంపుతుంటాను. ఇంకో ఏడాది నెగ్గుకొచ్చాడని నాకదో గర్వం.

"ఆ తారీఖు ఇంకా చాలా దూరముంది కదరా," అన్నాను.

"ఈసారి ముందే చేద్దామక్కా."

ఎందుకు ముందో చెప్పక్కర్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "వెళ్లొస్తానని అందరికీ చెప్పుకోడానికి నా చేత మిఠాయి చేయిస్తావా?" అన్నాను.

"నువ్వు చెయ్యకపోతే పో. నేనే చేసుకుంటా."

పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయే మనిషి వీడు. లిఫ్టు మెకానిక్కుగా ఎంత ఎత్తు భవంతిలోనైనా తీగ పట్టుకుని వేలాడేవాడు గానీ, వంటింట్లో గరిటె ఎటు పట్టుకోవాలో తెలీదు. నేను కుడుతున్న కర్టెన్లు కుట్టు మిషను మీదే వదిలేసి, ముఖం కందగడ్డలా పెట్టుకుని వచ్చి గిన్నెలో నీళ్లు పోశాను.

రెండు పళ్లేలు కావాలి. ఒకటి నర్సులకి, వ్యాను డ్రైవరుకి. వాళ్లకి ఉప్పున్నవే. రెండోది కుర్చీల్లో పడుకునేవాళ్లకి. వాళ్లు ఉప్పు తినకూడదు. ఉప్పు తింటే దాహం వేస్తుంది, దాహం వేస్తే నీళ్లు తాగుతారు, తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేక ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తుల్ని ముంచేస్తాయి. చాక్లెట్టూ తినకూడదు. కానీ మిషను మీద మొదటి గంటలో ఒక్కటి తింటే, దాని సంగతి మిషనే చూసుకుంటుందని వాళ్లలో వాళ్లకి ఒక నమ్మకం. పెద్ద నర్సు ఆ ఒక్కదానికీ అటు తిరిగి నిలబడుతుంది. పక్క కుర్చీ పోస్ట్‌మాన్ ఆ ఒక్కదాన్నీ గంటంతా కొరుకుతాడట.

అందుకని రెండో పళ్లెంలోవాటికి ముంచకముందే ఉప్పు తియ్యాలి. ఆ పని మొదటి నుంచీ మా తమ్ముడిదే. వాడి టూల్ బాక్సులో అన్నిటికంటే చిన్న స్క్రూడ్రైవరు ఒకటి వేణ్ణీళ్లలో కడిగి ఇస్తాను. ప్రెట్జెల్‌ని వేళ్ల మధ్య తిప్పుకుంటూ ఒక్కో ఉప్పు పలుకునీ దాని కొసతో పెకలిస్తాడు. చప్పుడుండదు, విరగదు. అదే నేను చేస్తే పళ్లెంలో ముక్కలే మిగులుతాయి.

వాడు ఉప్పు తీస్తుంటే నేను చాక్లెట్ తరిగాను. మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, అందులో చాక్లెట్ వేసి, ఆవిరి వేడికే కరగనివ్వాలి. తొందరపడితే మాడుతుంది. వాడి ఎడమ చెయ్యి బల్ల మీద ఉంది. గొట్టాలు గుచ్చే నరం మోచేతి దగ్గర తాడులా ఉబ్బి ఉంటుంది. దాని మీద వేలు పెడితే లోపల రక్తం జుమ్మని కొట్టుకోవడం తెలుస్తుంది. రోజూ పొద్దున టీ కప్పు అందిస్తూ, ఏదో తగిలినట్టు అక్కడ ఒకసారి చెయ్యి వేస్తాను. అది నా కోసం చేసుకునే పని అని వాడికి తెలుసు, కానీ ఎప్పుడూ అనలేదు.

"డాక్టరు నీతో మాట్లాడాడటగా," అన్నాడు తల ఎత్తకుండా.

మాట్లాడాడు. పోయిన నెల మిషను మీద వాడి గుండె రెండుసార్లు లయ తప్పింది. రెండోసారి మనిషిని వెనక్కి తేవడానికి వాళ్ల తల ప్రాణం తోకకొచ్చింది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "గుండె తట్టుకోవడం లేదమ్మా. ఆయన అడిగేది తప్పు కాదు," అన్నాడు. మీ తమ్ముడైతే ఇలాగే అంటారా అని నేను అడిగాను. ఆయన కాసేపు నేల చూసి, "అనడానికి నాకూ నోరొచ్చేది కాదు," అన్నాడు. మంచివాడే. అయినా ఆ రోజు నుంచి ఆయనకి నమస్కారం పెట్టడం మానేశాను.

"ఆయనకేం, వంద చెప్తాడు," అన్నాను.

"నీకు చెప్పినదాన్ని నువ్వు విన్నావా అని అడుగుతున్నా."

"వినను. నేను వినను. నీకు విసుగొచ్చినప్పుడల్లా మానేస్తానంటే కుదరదు. ఆ పోస్ట్‌మాన్ నీకంటే పెద్దవాడు, రావట్లేదూ? నువ్వు మాత్రం..."

కోపంలో అప్పుడే కడిగిన చెంచా తుడవకుండా చాక్లెట్‌లో పెట్టి తిప్పాను. అంతే. నున్నగా జారుతున్నది కాస్తా బిగుసుకుపోయి, తడి మట్టిలా గడ్డకట్టింది. కరిగే చాక్లెట్‌లో నీటి చుక్క పడకూడదని ఈ ఇంట్లో అందరికీ చెప్పేది నేనే. ఆ గిన్నె తీసుకెళ్లి సింకులో పడేశాను.

"నీ వల్లే," అన్నాను.

"అవును, నా వల్లే," అన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఇంకో ప్రెట్జెల్ అందుకున్నాడు. "ఇంకో పలక ఉందిగా. కరిగించు."

రెండో పలక తరుగుతుంటే వాడు నెమ్మదిగా మొదలుపెట్టాడు. "మొదట్లో ఎలా ఉండేదో చెప్తా విను. మిషను మీద నుంచి వచ్చిన రోజు పీనుగలా పడుండేవాణ్ని. మర్నాడు మాత్రం మనిషినే. ఆ రోజు కోసమే వెళ్లేవాణ్ని. కింద వాటాలోవాళ్ల తలుపు బిగించేవాణ్ని, నీ కుట్టు మిషనుకి నూనె వేసేవాణ్ని, నీతో పోట్లాడేవాణ్ని. ఆ మధ్య రోజుంది చూశావా, అదే నా బతుకు. ఇప్పుడు ఆ మధ్య రోజు కూడా లేదక్కా. వస్తాను, పడుకుంటాను, లేచేసరికి మళ్లీ వ్యాను వస్తుంది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లావు?"

"నీకోసం."

"అయితే నాకోసమే ఇంకొన్నాళ్లు వెళ్లు." ఆ మాట నా నోటి నుంచి ఎంత తొందరగా వచ్చిందో. సిగ్గుపడలేదు. నాకు వాడు కావాలి. పక్క గదిలో దగ్గు వినపడాలి, నేను వండినదాంట్లో ఉప్పు లేదని గొణగాలి, నాతో వాదించాలి. ఎలా ఉన్నా సరే, ఉండాలి.

వాడు స్క్రూడ్రైవరు పక్కన పెట్టి నా వైపు చూశాడు. "వెళ్తాను. నువ్వు వెళ్లమంటే వెళ్తా. అందుకేగా అడుగుతున్నది. రేపు పొద్దునే చెప్పు, చాలు."

నన్ను కసురుకున్నా బాగుండేది. కాదని దెబ్బలాడితే నేనూ దెబ్బలాడి గెలిచేదాన్ని. చిన్నప్పటి నుంచీ గెలుస్తూనే ఉన్నాను. వాడు ఆ గెలుపు ముందే నా చేతిలో పెట్టేసి, మళ్లీ ఉప్పు తీయడంలో పడ్డాడు. నాకేం చెయ్యాలో తోచక ఫోర్కు అందుకున్నాను.

ప్రెట్జెల్‌ని ఫోర్కు మీద పెట్టి చాక్లెట్‌లో దింపి, పైకి తీసి, గిన్నె అంచుకి రెండుసార్లు తట్టి, ఎక్కువైంది కారిపోయాక బటర్ పేపర్ మీద జార్చాలి. నర్సులవి ముందు ముంచాను. ఉప్పు పలుకులు చాక్లెట్ కింద బొడిపెలుగా తెలుస్తున్నాయి. ఆ పళ్లెం నిండింది. రెండోదానికి వాడు తీసిపెట్టినవి నాలుగైదే ఉన్నాయి.

"ఏరా, చెయ్యి ఆడట్లేదా? చాక్లెట్ చల్లారిపోతోంది," అని తిరిగి చూశాను.

నిద్రపోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే బల్ల మీదికి వాలిపోయాడు. చెంప కింద రాలిన ఉప్పు, వేళ్ల మధ్య సగం తీసిన ప్రెట్జెల్. నోరు కొంచెం తెరుచుకుంది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. మందు సీసా మూతతో కొలిచి తాగే నీళ్లు ఆ పెదవులకే సరిపోవు. కిటికీ నుంచి ఎండ నేరుగా ముఖం మీద పడుతున్నా కదల్లేదు.

ఇవాళ మధ్య రోజు. నిన్న మిషను, రేపు మిషను. వాడు మనిషిలా ఉంటానన్న రోజు ఇదే. ఈ రోజులో వాడికి దక్కింది గుప్పెడు ప్రెట్జెళ్లకి ఉప్పు తీసేంత మెలకువ. నేను ఇంకొన్నాళ్లు కావాలని పట్టుబట్టింది ఇలాంటి రోజుల కోసమే. నాకు ఏడుపొచ్చింది. చప్పుడు కాకుండా చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

తర్వాత వాడి రెండో చేతి నుంచి స్క్రూడ్రైవరు మెల్లగా లాక్కుని మిగతావాటికి నేనే ఉప్పు తీశాను. అనుకున్నట్టే సగం విరిగాయి. విరిగినవి పక్కన పెట్టి, నిలిచినవి ముంచాను. పోస్ట్‌మాన్‌కి, మిగతా కుర్చీలవాళ్లకి తలా ఒకటి వచ్చేలా చూశాను. రెండు పళ్లేలూ కిటికీ గట్టు మీద పెట్టాను. చాక్లెట్ మెరుపు పోయి గట్టిపడేదాకా వాడి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చేతి నరం మీద వేలు పెట్టాను. జుమ్మంటూనే ఉంది. ఎంతసేపైనా అలా ఉండిపోవాలనిపించింది.

ఎండ తగ్గాక లేచాడు. చెంపకి అంటిన ఉప్పు దులిపాను.

"అయిపోయాయా? లేపొచ్చు కదా," అన్నాడు. "నావి విరిగి ఉంటాయి నీ చేతిలో."

"నోరు మూసుకుని తిను," అని ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను.

కొరకబోయి ఆగాడు. చాక్లెట్ కింద బొడిపెలు వేలికి తగిలాయి. "ఇది నర్సుల పళ్లెంలోది."

"తెలుసు."

నా ముఖంలోకి చూశాడు. నేను తల తిప్పుకోలేదు. చాలాసేపు చూసి, కొరికాడు. మొదట తీపి తగిలి ఉంటుంది. తర్వాత పంటి కింద ఉప్పు పటుక్కుమంది. కళ్లు మూసుకుని నమిలాడు. వేళ్లు కూడా నాకాడు. చిన్నప్పుడు అలా నాకితే చేతి మీద కొట్టేదాన్ని.

"ఉప్పు ఇంత బాగుంటుందా," అన్నాడు.

"రేపు నేనూ వస్తాను వ్యానులో. ఇవి పంచిపెట్టి, అందరితో మాట్లాడి వచ్చేద్దాం," అన్నాను. పళ్లేల మీద గుడ్డ కప్పి మిగతాది చెప్పాను. "కుర్చీ ఎక్కద్దు. నేను డాక్టరుతో చెప్తా. సరేనా? సరేనంటున్నా, విన్నావా?"

"విన్నానక్కా."

వాడు పెదవులు తడుపుకున్నాడు. దాహం వేస్తోందని అడగడం వాడు ఎప్పుడో మానేశాడు. అలవాటు కొద్దీ వాడి చెయ్యి మందు సీసా మూత కోసం వెళ్లింది. నేను లేచి గ్లాసు కడిగి, కుండలో నీళ్లు ముంచి, అంచుదాకా నింపి వాడి ముందు పెట్టాను. రేపు వాడిని బరువు తూచి, ఎన్ని నీళ్లు తాగావని నిలదీసేవాళ్లు లేరు. వాడు రెండు చేతులతో ఎత్తి, ఎక్కడా ఆపకుండా, గొంతు కదులుతుంటే నిండా తాగాడు. కొంత గడ్డం మీదుగా కారి చొక్కా తడిసింది.

గ్లాసు దించి, "ఇంకొంచెం పోస్తావా అక్కా?" అని అడిగాడు.

పోశాను.