పేజీలో ఉమ పేరు

భూపాలపల్లిలో సమ్మెకు కూర్చున్న గని కార్మికుల టెంటు ముందు ద్వాళి గజ్జెలు కట్టుకుంటుంటే ఫోన్ మోగింది. ఆమె పాట కోసం క్వార్టర్లన్నీ కదిలి వచ్చాయి. తెలంగాణ ఉద్యమం పాట అంటే ద్వాళి పేరే చెప్పుకునే రోజులవి.

"ద్వాళమ్మా, మీ ఉమ ఏడో తరగతి కదా? జనగామ హాస్టల్. ఫొటోలో రెండు జడలు ముద్దుగున్నాయి. పాటలు కాస్త తగ్గించుకోండమ్మా" అన్నాడెవడో, ఎంతో మర్యాదగా. అని పెట్టేశాడు.

తిట్టి ఉంటే ద్వాళి తిరిగి తిట్టేది. ఆ విద్యలో ఆమెకు సాటి లేరు. ఆ మర్యాదకే ఆమె ఒళ్లు చల్లబడిపోయింది. భర్త పోయాక మిగిలింది ఆ ఒక్క పిల్ల. ఏ సభకూ వెంట తిప్పింది లేదు. వీడికి ఎట్లా తెలిసింది?

మహబూబాబాద్‌లో నెట్ సెంటర్ నడిపే తమ్ముడు రమేశ్‌కు ఫోన్ చేసింది. సంగతి వింటూనే వాడు ముందు సంతోషపడ్డాడు, చూడండి!

"అంటే నేను పెట్టింది జనం సదువుతున్నరన్నట్టే గదక్కా!"

"ఏం పెట్టినవురా?"

నెట్‌లో ఒక విజ్ఞాన సర్వస్వం ఉందట. అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అక్క పేరు మీద పేజీ తెరిచింది వాడే. పాటలు రాశాడు, సభలు రాశాడు. అక్కడితో ఆగితే వాడు రమేశ్ ఎందుకవుతాడు? మేనకోడలి పేరు, తరగతి, హాస్టలు, ఫొటో అన్నీ ఎక్కించాడు.

"పెండ్లి పత్రికల పిల్లల పేర్లు లేకుంటే ఊకుంటరా? పేరు లేకుంటే నీకు పిల్లలే లేరనుకోరా? మేనమామను, నేనే ఇడిచిపెడితే ఎట్లక్కా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! గది పెండ్లి పత్రికారా? దొంగల చేతికి గూడ ఇచ్చినవు గదరా! తీసెయ్, ఇప్పుడే తీసెయ్!"

తీసేశాడు. కాసేపటికే ఏడుపు గొంతుతో మళ్లీ చేశాడు. "అక్కా, ఎవరో నీ అభిమానట, మళ్లా పెట్టిండు. ఎన్నడో ఒక పేపరాయనకు నువ్వే ఉమ ముచ్చట చెప్పినవట. ఆధారమున్నది తీయొద్దంటుండు. నేను తీస్తుంటే ఆయన పెడుతుండు."

హాస్టల్లో ఫోన్ ఎవరూ ఎత్తలేదు. తెలంగాణ సమ్మెతో బడి మూతపడినా, ఇళ్లకు పోలేని పిల్లలంతా అక్కడే ఉన్నారు. బస్సులు లేవు, రైళ్లు లేవు. ఆపమని ఊరూరా పాడిందెవరు? ఆమే! ముత్యం అనే గని కార్మికుడు మోటారు సైకిల్ తీశాడు.

పరకాల దాటాక, నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్న కుర్రాళ్లు బండి ఆపారు. ఆమెను చూసి ఈలలు వేశారు. "ద్వాళక్క! ఒక్క పాటక్కా!" పాడితే గాని కదలనిచ్చేలా లేరు. అక్కడ బిడ్డకు ఏమవుతోందో తెలియదు. అయినా నవ్వు ముఖం పెట్టి పాడింది. వాళ్లు చప్పట్లు కొడుతుంటే, ఆ చప్పట్లంటేనే మొదటిసారి భయం వేసింది. పేరు మళ్లీ పెడుతున్న అభిమాని వీళ్లలోనే ఉన్నాడేమో!

హాస్టల్ గేటు దగ్గరే వార్డెన్ ఎదురొచ్చింది. "ఇందాకనే ఒకాయన వచ్చిండమ్మా. మీ తండా మనిషట. ఉమను తోల్కరమ్మని రమేశ్ మామ పంపిండట. మీ ఇంటి సంగతులన్నీ చెప్పిండు."

రమేశ్ ఎవర్నీ పంపలేదు. ద్వాళి వార్డెన్ రెండు చేతులూ పట్టుకుంది. "పంపినవా అవ్వా? పంపినవా?"

"యాడీ!" అంటూ వంటగదిలోంచి ఉమ ఉరికొచ్చింది. తండాలో అమ్మను పిలిచే పిలుపు అది. ద్వాళి బిడ్డను గట్టిగా కావలించుకుని బోరుమంది.

"నేను పోలేదు యాడీ. మన లంబాడి మాటల అడిగిన, నీ పేరేందని. ఊకె నవ్విండు. తండా మనిషికి తండా మాట రాదా? పోనని మొత్తుకున్న. ఎల్లిపోయిండు."

ఆ పేజీలో లేనిది ఇంట్లో మాట్లాడుకునే ఆ మాట ఒక్కటే. అదీ ఎన్నాళ్లు లేకుండా ఉంటుంది?

బిడ్డను మహబూబాబాద్ తీసుకొచ్చింది. అప్పటికీ పేజీలో పేరు పోతూ వస్తూనే ఉంది. "నీకు బిడ్డున్నదన్నది తప్పని పేపర్ల వస్తెనే పేరు తీసేస్తరట" అన్నాడు రమేశ్, తల ఎత్తకుండా.

ఆ వారమే మహబూబాబాద్‌లో సభ. ఉమను ఇంట్లో ఒంటరిగా ఉంచడానికి భయపడి రమేశ్ వెంట తెచ్చి, ఎవరూ గుర్తుపట్టకుండా జడలు విప్పించి తలకు చున్నీ కప్పి, ముందు వరుసలో కూర్చోబెట్టాడు. పాట అయ్యాక ఒక విలేకరి లేచాడు. "అక్కా, మీ బిడ్డ జనగామల సదువుతుందట గద?"

ద్వాళి మైకు దగ్గరకు లాక్కుంది.

"బిడ్డెక్కడిదయ్యా? నాకు పిల్లల్లేరు. ఎవరో తప్పు రాసిండ్రు. గీ మాట రాస్కో."

ముందు వరుస వైపు చూడలేకపోయింది. చూస్తే ఏడుపు ఆగదని తెలుసు. దిగేసరికి అక్కా అక్కా అంటూ ఆడవాళ్లు చుట్టుముట్టారు. ఆ మూకలోంచి ఒక చిన్న చేయి ఆమె కొంగు లాగింది.

"నీళ్లు తాగక్కా" అంది ఉమ, సీసా చాపుతూ.

విలేకరి ఇంకా పక్కనే నిలబడి ఉన్నాడు. ద్వాళి సీసా అందుకుంది. చివరి చుక్క దాకా తాగింది.

"నీ పేరేంది బిడ్డా?" అని అడిగింది, అందరూ వింటుండగా.

"చెప్పనక్కా" అంది ఉమ. ఖాళీ సీసా తీసుకుని మేనమామ వైపు నడిచింది.