ఊకపోగు

పెరట్లో ఆ పగులు కనిపించినప్పటి నుంచీ సుబ్బరాజుకి అటు చూడాలంటేనే భయంగా ఉంది.

మాఘం వెళ్లకుండానే నల్లమన్ను నోరు తెరిచింది. అరచెయ్యి పట్టేంత పగులు. అందులోంచి పాము కుబుసం అంచు గాలికి ఆడుతోంది. వింతేముంది? దెందులూరు దిగువన వరిచేలన్నీ చేపల చెరువులు చేసేశారు మహానుభావులు. పొలాలు పోయాక ఎలకలూ, వాటి వెనకే పాములూ ఎక్కడికి పోతాయి? చెరువు లేనివాడి పెరట్లోకే.

భార్య శేషారత్నానికి చెప్పలేదు. ఆపరేషనయ్యాక ఏడాదిపాటు మంచం దిగని మనిషి, ఉగాదిలోపు బెండా బీరా పెడదామని తనంతట తానే గడప దాటింది. పాము మాటెత్తితే మళ్లీ మంచమే. అందుకని నోరు మూసుకుని, మోటారు వేసి, పైపు సరిగ్గా ఆ పగుల్లోనే పెట్టాడు. ఎలాగూ బంకమన్ను తడిపి, పదునుకొచ్చాకే తవ్వాలి. నీళ్లకి అదే పోతుందిలే అనుకున్నాడు.

మన్ను ఉబ్బి పగులు పూడుకుపోయింది. పాము పోయిందో, లోపలే ఉండిపోయిందో! తడి ఆరేదాకా అటు అడుగు పెట్టలేదు.

"ఏవండీ, పార పట్టుకుని పటంలో దేవుడిలా నిలబడ్డారే?" శేషారత్నం నవ్వింది. "ముద్దచేసి చూశాను, పొడిపొడిగా రాలుతోంది. ఇవాళ తవ్వకపోతే రేపు గునపానికీ లొంగదు."

"నువ్వు లోపలికి పో. ఎండ."

"ఏడాదంతా నీడలోనే ఉన్నాను కదండీ. మీరు తవ్వండి, నేను ఊక తెచ్చి కలుపుతాను."

మన్ను గుల్లబారడానికి రైసుమిల్లు నుంచి తెచ్చిన ఊక గోడవార పోగుపోసి ఉంది. తట్ట చంకన పెట్టి, చెప్పులైనా లేకుండా ఆమె అటు నడిచింది.

సుబ్బరాజు పగులున్న చోట పార వెయ్యలేక పక్కన వేశాడు. అప్పుడు కనిపించింది. ఆరిన బురద మీద నున్నటి మెలికల జాడ. పగులు దగ్గర మొదలై తిన్నగా గోడ వైపు పోయింది. పెరడంతా తడిసినా పొడిగా మిగిలిన ఒకే ఒక్క చోటికి.

శేషారత్నం అప్పటికే వంగి, మోచేతి దాకా ఊకలో చెయ్యి పెట్టింది.

సుబ్బరాజు పార వదిలేశాడు. "రత్నం, ఉలక్కు. చెయ్యి మెల్లిగా తియ్యి. పాము."

ఆమె మెల్లిగా చెయ్యి తీసింది. వేళ్ల సందుల్లోంచి ఊక రాలింది. పోగు పక్క కదిలి, తాచు బయటికి జారి, ఆమె పాదానికి జానెడు దూరంలో పాకి, గోడ కంతలోంచి చెరువు వైపు వెళ్లిపోయింది.

శేషారత్నం ఇంట్లోకి పరుగెత్తింది. తలుపు పడింది, గడియ పడింది. అంతే, మళ్లీ మంచమే అనుకున్నాడు సుబ్బరాజు.

కిటికీ తెరుచుకుంది.

"మీకు ముందే తెలుసా?"

"కుబుసం చూశాను."

"చూసీ నన్ను చెయ్యి పెట్టనిచ్చారా?"

"చెబితే మళ్లీ మంచం ఎక్కుతావని..."

"ఒక్కదాని కుబుసమేనా, ఇంకోటి కూడా దాచారా?"

"ఒక్కటే." ఆగాడు. "అనుకుంటాను."

"అయితే ఊక మీరే తియ్యండి. పదును పోతోంది."

సుబ్బరాజు పార తీసుకుని పోగు వైపు నడిచాడు.

"పార కాదండీ," అంది కిటికీలోంచి. "నేను చేత్తోనే తీశాను."

సుబ్బరాజు పార కింద పెట్టి వంగాడు. చెయ్యి ఊక దాకా వెళ్లి ఆగింది. వెనక్కి చూశాడు. ఆమె రెప్ప వెయ్యలేదు.